దాదా చదివిన కాగితాలు

మా దాదా ఏ ఏడు పుట్టాడో మా ఇంట్లో ఎవరికీ ఖాయంగా తెలియదు. అడిగితే "తేరా సౌ పచ్చీస్ ఫస్లీ" అనేవాడు. ఫస్లీ అంకెకు 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అంటే 1915. వాళ్ళమ్మ లెక్క వేరే ఉండేదట. మూసీకి పెద్ద వరదొచ్చి పట్నం కొట్టుకుపోయిన ఏడో ఏట నా కొడుకు పుట్టిండు అనేదట ఆమె. ఆ వరద 1908 సెప్టెంబరులో వచ్చింది. తల్లి లెక్కా కొడుకు లెక్కా ఒక్కచోటికే వస్తాయి. 2007 ఎండాకాలంలో పోయాడు. అప్పటికి తొంభై ఒకటి నిండాయి.

ఆ మధ్యలో ఒకసారి వృద్ధాప్య పింఛను కోసం ఒక ఆఫీసుకు తీసుకుపోయాం. పుట్టిన తేదీ చెప్పమంటే ఆయన ఫస్లీ చెప్పాడు. కుర్చీలో ఉన్న పిల్లవాడు తల ఎత్తి మా మొహాలు చూశాడు. "అది మీ తురకల లెక్కనా తాతా?" అన్నాడు. "కాదు బేటా, భూమి శిస్తు లెక్క. మీ తాత భూమి కూడా దాంట్లనే రాసి ఉన్నది" అన్నాడు దాదా. ఎనభై దాటిన మనిషికి అరవై ఐదు రాసి పంపించారు. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

జనాజా నాడు కొడుకులు, కూతుళ్ళు, మనవలు, మునిమనవలు అంతా కలిపితే అరవై మందికి పైగా తేలాం. అంతమందిలో దాదాపు ప్రతి ఒక్కరి చెవిలో పుట్టిన రోజున అజాన్ చెప్పింది ఆయనే. ఎవరికి ఏ పేరు పెట్టాలో కూడా ఆయనే తేల్చేవాడు. ఆయన జేబులో ఎప్పుడూ పిప్పరమెంట్లుండేవి. అల్లరి చేసినవాడికి రెండు, బుద్ధిగా కూచున్నవాడికి ఒకటి. ఎందుకట్లా అని అడిగితే, "బుద్ధిమంతునికి దునియా ఇస్తది, వీనికి నేను తప్ప ఎవరిస్తరు" అనేవాడు. మా ఇంటివాళ్ళకంటే సాలెవాడ, గొల్లవాడ, మాదిగవాడ నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ కనిపించారు కబ్రస్తాన్ దగ్గర. వాళ్ళలో సగం మంది దాదా దగ్గర సైకిలు నేర్చుకున్నవాళ్ళు. మిగతా సగం కాగితాలు చదివించుకున్నవాళ్ళు.

ఆ కాగితాల సంగతే నేను రాయాలనుకున్నది.

మా ముత్తాత రంగ్రేజ్. సాలెవాళ్ళు తెచ్చిన నూలుకు రంగులద్దేవాడు. నల్లగొండ జిల్లాలో మా ఊరు. మోచేతుల దాకా ఆయన చేతులు ఏదో ఒక రంగులో ఉండేవట. ఆ పని తనతోనే ఆగిపోవాలని, ఒక బర్రెను అమ్మి మరీ కొడుకును తాలూకా బడికి పంపాడు. ఆనాటి హైదరాబాద్ రియాసత్‌లో చదువు మూడు మెట్లు: తహ్తానియా, వస్తానియా, ఫౌఖానియా. దాదా రెండో మెట్టు ఎక్కాడు. వస్తానియా పాసైనవాడంటే మా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆ రోజుల్లో పెద్ద మాటే. ఇరవయ్యో ఏట తాలూకా కచేరీలో నకల్‌నవీస్‌గా చేరాడు. రికార్డులో ఉన్న అసలు కాగితాన్ని చూసి నకలు రాసి ఇచ్చే పని. జీతం పదిహేను రూపాయలు హాలీ. హాలీ అంటే నిజాం సిక్కా. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు వచ్చేవి.

ఆ పదిహేను రూపాయల మనిషిని గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. "మీరు పాలించిన్రు గదా" అంటారు మనల్ని. బడిలో అన్నారు, ఉద్యోగంలో అన్నారు, సాహిత్య సభల్లో కొంచెం మెత్తగా అన్నారు. 1941 జనాభా లెక్కల ప్రకారం రియాసత్‌లో నూటికి సుమారు పదముగ్గురు ముస్లింలు. ఆ పదముగ్గురిలో నవాబులెందరు, జాగీర్దార్లెందరు? మిగతావాళ్ళు కచేరీల్లో చప్రాసీలు, పోలీసు జవాన్లు, రంగ్రేజులు, టాంగావాళ్ళు, దూదేకులవాళ్ళు, కౌలు రైతులు. ఊళ్ళల్లో భూమి ఎవరి చేతిలో ఉండేదో తెలంగాణలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టులో కొట్లాడి ప్రాణం పోగొట్టుకున్న బందగీ ముస్లిమే. ఆ రోజుల్లో మజ్లిస్ వాళ్ళు 'అనల్ మలిక్' అని ఒక సిద్ధాంతం చెప్పేవాళ్ళు. ప్రతి ముస్లిమూ రాజేనట, నిజాం కేవలం ఆ రాచరికానికి గుర్తట. దాదా దాన్ని తలుచుకుని, "పంద్రా రూపయ్యే కా బాద్‌షా" అని తన ఛాతీ మీద తట్టుకునేవాడు. ఇంటి కప్పు కురుస్తుంటే గిన్నెలు పెట్టుకునే బాద్‌షా.

కానీ ఆ పనిని మాత్రం ఆయన ప్రేమించాడు. ఆ సర్కారు దేన్ని ఎట్లా లెక్క రాసేదో చెప్పడం మొదలుపెడితే అన్నం సంగతి మరిచిపోయేవాడు. సేత్వార్‌లో సర్వే నంబరు, పట్టాదారు పేరు, ఎకరాలు, గుంటలు, ఖుష్కీయా తరీయా, శిస్తు ఎంత. పహాణీలో ఈ ఏడు ఎవరు దున్నారు, ఏం వేశారు, బావి ఉందా, చెట్లెన్ని. ఈతచెట్టుకూ తాటిచెట్టుకూ ఆబ్కారీవాళ్ళు నంబరు వేసేవాళ్ళు. "చెట్టుకు కూడా నంబరున్నది బేటా" అనేవాడు. ఇదంతా ఉర్దూలో, అదీ బడి పుస్తకంలో కనిపించే గుండ్రటి ఉర్దూలో కాదు. కచేరీ రాత వేరు. దాన్ని షికస్తా అంటారు. కలం ఎత్తకుండా రాసుకుంటూ పోతారు. చుక్కలు సగం ఉండవు. అక్షరం ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయి ఉంటుంది. చదవాలంటే రాసినవాడి చేయి తెలిసి ఉండాలి.

1949లో ఆయన ఉద్యోగం పోయింది. ఎందుకు పోయిందో మా చిన్నతనంలో చెప్పేవాడు కాదు. "జమానా బదల్ గయా" అని ఊరుకునేవాడు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, ఇంట్లో ఏడుగురు తినేవాళ్ళు. రంగుల పని అప్పటికే పడిపోయింది. రెండేళ్ళు బీడీలు చుట్టారట ఇంటిల్లిపాదీ. తర్వాత మూడు పాత సైకిళ్ళు కొని బస్టాండు దగ్గర కిరాయి సైకిళ్ళ షాపు పెట్టాడు. దాన్నే మా దిక్కు సైకిలు టాక్సీ అంటారు. గంటకు అణా. పంచరు వేయడం, చైను ఎక్కించడం, గాలి కొట్టడం. ఒకప్పుడు కలం పట్టిన చేయి గ్రీజులో మునిగింది. మా అబ్బా బడికి పోతూ తెచ్చుకున్న పెద్దబాలశిక్ష ముందేసుకుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. కొడుకు ఉస్తాదు, తండ్రి శాగిర్దు. తెలుగు మాట్లాడటం పుట్టినప్పటి నుంచీ వచ్చు. రాయడమే రాదు. ముప్ఫై ఐదేళ్ళకు నేర్చుకున్న తెలుగు రాత బాగానే వచ్చింది కానీ, అంకెలు మాత్రం చివరిదాకా ఉర్దూవే. షాపు ఖాతా పుస్తకంలో పేర్లు తెలుగులో, అంకెలు ఉర్దూలో ఉండేవి. కిరాయి ఎగ్గొట్టేవాళ్ళు తాము ఎంత బాకీ ఉన్నామో చదవలేక ఆయన చెప్పిందే నమ్మాల్సి వచ్చేది. ఆయన చెప్పింది ఎన్నడూ తప్పలేదు.

కాగితాలు ఎప్పుడు రావడం మొదలైందో నాకు కొంచెం జ్ఞాపకం ఉంది. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్లకు 38-ఇ సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. పాత కాగితాలు ఉన్నవాళ్ళు ఇండ్ల చూర్లలోంచి, గురుగుల్లోంచి తీసి దులపడం మొదలుపెట్టారు. తీస్తే ఏముంది, ఎవరికీ చదవరాదు. ఒక తరం కిందటి సర్కారు రాత ఊరికి ఊరే చదవలేని రాత అయిపోయింది. బడుల్లో ఉర్దూ పోయింది, కచేరీల్లో పోయింది. చదివేవాళ్ళు చనిపోయారు, కొందరు కరాచీ పోయారు. పట్వారికి చదవవచ్చు, కానీ పట్వారి దగ్గరికి పోతే ఆయన ఏం చదువుతాడో, ఎవరి తరఫున చదువుతాడో అందరికీ తెలుసు. 1980ల్లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేలు పట్వారీలను తీసేశాక ఆ దిక్కు కూడా లేకుండా పోయింది. అప్పుడు జనం సైకిలు షాపు సాయబు దగ్గరికి వచ్చారు.

నేను తొమ్మిదో క్లాసులో ఉండగా చూసిన ఒక సంగతి రాస్తాను. మాదిగవాడ నుంచి ఒకాయన వచ్చాడు. రుమాలులో చుట్టిన కాగితం తీసి, షాపు అరుగు మీద పెట్టి దూరంగా నిలబడ్డాడు. దాదా ఆయన్ని చేయి పట్టి బెంచీ మీద కూచోబెట్టాడు. గ్రీజు చేతులు కిరసనాయిలుతో కడుక్కుని, సబ్బుతో మళ్ళీ కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు కాగితం విప్పాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మెల్లగా పైకి చదివాడు. పహాణీ నకలు. గడివాళ్ళు తమదంటున్న రెండెకరాల పది గుంటల్లో శిక్మీదారు ఖానాలో ఈయన తాత పేరుంది. దాదా మళ్ళీ మొదటి నుంచి చదివాడు. "ఈ కాగితం నేనే రాసిన" అన్నాడు. కింద ఆయన సంతకం. 1352 ఫస్లీ. అంటే 1942, 43 ప్రాంతం. ఆ వచ్చినాయన అర్థం కానట్టు చూశాడు. ముప్ఫై ఏళ్ళ కింద ఒక పిల్ల నకల్‌నవీసు, పేజీకి ఇన్ని పైసలని రాసిన కాగితం. ఆ నౌకరి లేదు, ఆ సర్కారు లేదు. కాగితం మాత్రం నిలబడింది. దాదా దాన్ని తెలుగులో రాసి ఇచ్చాడు. ఆ రెండెకరాల పది గుంటలు తర్వాత వాళ్ళకు నిలిచాయి. కాగితం ఒక్కటే నిలబెట్టలేదు, వాళ్ళ సంఘమూ కొట్లాడింది. కానీ కాగితం లేకపోతే ఏ సంఘమూ ఏమీ చేయలేకపోయేది.

చదివినందుకు డబ్బు తీసుకునేవాడు కాదు. చాయ్ ఇప్పిస్తే తాగేవాడు. ఎవరైనా "జర మా దిక్కు సదువు సాయబూ" అని నసిగితే కాగితం మడిచి చేతిలో పెట్టి, గాలి పంపు అందుకునేవాడు. మా సొంత బంధువు ఒకాయనకు కూడా అట్లాగే మడిచి ఇచ్చాడు. ఏడాది మాటల్లేవు మా రెండు ఇండ్లకు. మా దాదీకి ఇది తలకొట్టేసినట్టుండేది. "ఊరందరి భూములు సదువుతవు, మనకెన్ని గుంటలున్నయో సదువు" అనేది. ఇంటి జాగా తప్ప మాకేమీ లేదు.

ఇన్ని కాగితాలు చదివిన మనిషి దగ్గర ఒక్క మనిషికి సంబంధించిన కాగితం లేదు. ఆ మనిషి ఆయన అన్న.

మా ఇంట్లో బడీ దాదీ అని ఒక ముసలామె ఉండేది. దాదాకు వదిన. తెల్లటి జుట్టు, చేతుల నిండా గాజులు, మెడలో నల్లపూసల లచ్ఛా. మాలో లచ్ఛా అంటే సుహాగ్ గుర్తు. మొగుడు పోయిన ఆడమనిషి లచ్ఛా తీసేస్తుంది, నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ కూచుంటుంది. బడీ దాదీ తీయలేదు, కూచోలేదు. మొగుడు లేడు. చనిపోయాడని చెప్పినవాళ్ళూ లేరు, శవం చూసినవాళ్ళూ లేరు. పండక్కి కొత్త గాజులు వేయించుకునేది. రాత్రి గొళ్ళెం పెట్టేముందు ఒకసారి వీధిలోకి చూసి వచ్చేది. మాకది ఒక అలవాటులాగే కనిపించేది. 1979లో ఆమె పోయినప్పుడు గుసుల్ చేయించినవాళ్ళే లచ్ఛా తీశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు.

నేను దాదాను నేరుగా అడిగింది 1993 జనవరిలో. అప్పటికి నెల కింద బాబ్రీ మసీదు కూలింది. నేను టీచరుగా పనిచేసే బడిలో, నాతో రోజూ ఒకే డబ్బాలోంచి అన్నం తిన్న మనిషి, "మీవాళ్ళు నలభై ఎనిమిదిల మమ్ములను ఏం చేసిన్రో మరిచిపోయిన్రా" అన్నాడు. ఇంటికొచ్చి, "చెప్పు దాదా, మన ఇంట్ల రజాకార్లున్నరా?" అని అడిగాను. నా గొంతులో ఆ మాస్టరు గొంతే వినిపించి ఉంటుంది ఆయనకు. తస్బీ తిప్పుతున్న వేళ్ళు ఆగాయి.

"నా అన్న పోయిండు. నేను పోలే. పోయినోనికీ పోనోనికీ ఒక్కటే లెక్కయింది" అన్నాడు.

ఆ తర్వాత రెండు రాత్రులు చెప్పాడు. ఆబ్కారీ జవాను ఆయన అన్న. ఈతచెట్లకు నంబర్లు వేసేవాడు. 1948 ఎండాకాలంలో ఖాకీ బట్టలు వేశాడు. గడిలో దేశ్‌ముఖే పిలిపించి, సాయబుల ఇంటికొక మనిషి రావాలన్నాడట. రజాకార్లను ఊళ్ళల్లో మేపింది చాలాచోట్ల గడీలే. సంఘంవాళ్ళ నుంచి తమ భూములు కాపాడుకోవడానికి వాళ్ళకు తుపాకులు కావాల్సి వచ్చాయి. అట్లా అని మా పెద్దదాదాను నేను కడిగి ముత్యం చేయను. గడి పిలిస్తే దాదాను కూడా పిలిచింది, ఆయన పోలేదు. పోకుండా ఉండటం సాధ్యమే. ఖాసిం రజ్వీ మాటలకు ఊగినవాళ్ళున్నారు. బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టులో పదులమందిని వరుసగా నిలబెట్టి చంపినవాళ్ళున్నారు. ఆ పాపానికి సాకులు వెతకడం మన పని కాదు. అదే ఆగస్టులో రజాకార్ల మీద రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదు వీధిలో చంపారు. ఆయన కూడా ముస్లిమే. మనల్ని అడిగేవాళ్ళు ఖాసిం రజ్వీ పేరు చెప్తారు. మనం షోయబుల్లా పేరు చెప్పి తప్పించుకుంటాం. మా ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు, ఒకడు పోయాడు, ఒకడు పోలేదు.

సెప్టెంబరు 13న భారత సైన్యం రియాసత్‌లోకి వచ్చింది. మా జిల్లాలోకి విజయవాడ వైపు నుంచి, కోదాడ, సూర్యాపేట మీదుగా. 17 సాయంత్రానికి నిజాం చేతులెత్తాడు. సైన్యం వచ్చిన ఐదు రోజుల గురించి పుస్తకాలున్నాయి. మా దాదా చెప్పింది ఆ తర్వాతి రోజుల గురించి. పెద్దదాదా ఖాకీ విప్పి, లుంగీ కట్టుకుని, పక్క ఊళ్ళో అత్తగారింటికి పోతున్నానని రాత్రి బయల్దేరాడు. అత్తగారింటికి చేరలేదు. మరుసటి రోజు మా వాడ మీద పడ్డారు. పడ్డవాళ్ళలో బయటివాళ్ళున్నారు, తెలిసిన మొహాలూ ఉన్నాయి. దాదా తన రూమీ టోపీనీ, షేర్వానీనీ పొయ్యిలో పెట్టి కాల్చాడు. అవి మా ముత్తాత బర్రె ధరకంటే ఎక్కువ విలువైనవి.

మావాళ్ళను దాచింది ఒక సాలె ఇల్లు. మా ముత్తాత ఎవరి నూలుకు రంగు వేసేవాడో వాళ్ళే. మగ్గం గుంటలోనూ, దాని వెనక గదిలోనూ ఏడుగురు మూడు రాత్రులు ఉన్నారు. మా అబ్బాకప్పుడు ఎనిమిదేళ్ళు. చంటిపిల్ల ఏడిస్తే బయటికి వినబడకుండా ఆ ఇంటాయన రాత్రంతా మగ్గం నేశాడట. ఆయన అలిసిపోతే భార్య కూచుంది, ఆమె అలిసిపోతే కొడుకు. ఇప్పటికీ మా అబ్బాకు మగ్గం చప్పుడు వినబడితే నిద్ర పట్టదు. నిద్ర పడుతుందని అనుకుంటారు కదా వినేవాళ్ళు.

ఈ సంగతి సభల్లో చెప్తే చప్పట్లు కొడతారు. మతసామరస్యం అంటారు. ఒకసారి చెప్పి మానేశాను. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరూ ఆ ఏడుగురూ ఎవరి నుంచి దాక్కున్నారని అడగలేదు.

1949లో ఉద్యోగం ఎందుకు పోయిందో కూడా ఆ రాత్రే చెప్పాడు. రజాకారు అన్న ఉన్నవాడని ఎవరో అర్జీ పెట్టారు. విచారణ లేదు. ఒక కాగితం ఇచ్చారు, అంతే. ఆ రోజుల్లో అట్లా ఇండ్లకు పోయిన చిన్న ఉద్యోగులు ఎందరో ఉన్నారు. మరి పెద్దవాళ్ళ సంగతి? నిజాం 1950 జనవరి 26 నుంచి రాజప్రముఖ్ అయ్యాడు. 1956 అక్టోబరు ఆఖరుదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. పట్నం పారిపోయిన దేశ్‌ముఖులు ఖద్దరు కట్టుకుని పల్లెలకు తిరిగొచ్చారు. ఖాసిం రజ్వీ 1957లో జైలు నుంచి వచ్చి పాకిస్తాన్ పోయాడు. పంద్రా రూపయ్యే కా బాద్‌షా పంచర్లు వేసుకున్నాడు.

ఆ సెప్టెంబరు, అక్టోబరుల్లో ఏం జరిగిందో సర్కారుకు తెలియదా? తెలుసు. నెహ్రూ పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా రియాసత్‌లో తిరిగారు. పదహారు జిల్లాల్లో తొమ్మిదింటికి పోయారు. తాము పోలేని ఊళ్ళ మనుషుల్ని కూడా పిలిచి విన్నారు. పోలీసు యాక్షన్ సమయంలో, ఆ తర్వాత తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా రాశారు. అన్నిటికంటే ఘోరం జరిగింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. వాటి తర్వాతి వరుసలో ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్. ఆ నివేదికను ప్రభుత్వం అచ్చు వేయలేదు. కొన్ని భాగాలు 1980ల చివర ఒక పుస్తకంలో కనిపించాయి. పూర్తి పాఠం మామూలు పాఠకుడి చేతికి వచ్చింది 2013లో. దాదా పోయిన ఆరేళ్ళకు.

నేను దాన్ని ఒక్క కూర్చోవడంలో చదివాను. నల్లగొండ అన్న మాట వచ్చినచోటల్లా ఆగాను. మా ఊరి పేరు లేదు, ఉండాల్సిన పని కూడా లేదు. ఒకచోట మాత్రం పుస్తకం కింద పెట్టాల్సి వచ్చింది. ముస్లింలను కాపాడిన హిందువులు చాలామంది తమకు తారసపడ్డారని, ఒకే పని చేసుకునేవాళ్ళ మధ్య ఆ పొత్తు ఎక్కువగా కనిపించిందని, హిందూ నేతగాళ్ళు ముస్లిం నేతగాళ్ళను ప్రాణాలకు తెగించి కాపాడారని, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారని అందులో రాశారు. మా రంగ్రేజూ మా సాలె తాతా ఆ వాక్యంలో ఉన్నారు. పేర్లు లేకుండా ఉన్నారు. ఈ కాగితాన్ని దాదా ముందు పెట్టి చదివి వినిపించే భాగ్యం నాకు లేకపోయింది. వింటే ఏమనేవాడో నేను ఊహించగలను. మళ్ళీ మొదటి నుంచి చదవమనేవాడు.

ఈతచెట్టుకు నంబరు రాసిన సర్కారు అది. దాని తర్వాత వచ్చిన సర్కారు కూడా రాతకోతల్లో తక్కువది కాదు. 1954-55లో ఖాస్రా పహాణీ కోసం గుంట గుంటా తిరిగి రాసింది. ఎవరు దున్నుతున్నారు, ఎవరు కబ్జాలో ఉన్నారు, అన్నీ ఉన్నాయి. ఆ ఈతచెట్లకు నంబర్లు వేసిన మనిషి ఏమయ్యాడో రాసిన ఖానా ఏ రిజిస్టరులోనూ లేదు. దాదా వెతికాడని దాదీ చెప్పింది. ఉద్యోగం పోకముందు ఐదారు నెలలు, కచేరీలో ఉన్నన్నాళ్ళూ, చేతికొచ్చిన ప్రతి కాగితంలో అన్న పేరు వెతికాడట. రజాకార్ల కేసుల జాబితాల్లో ఉన్నా బాగుండు, జైల్లోనన్నా ఉన్నాడని తెలిసేది అనుకున్నాడట. లేదు.

సెప్టెంబరు 17ను ఏమని పిలవాలో ఇంకా తేలలేదు. విమోచనం, విలీనం, విద్రోహం అని మేం చదువుకునే రోజుల నుంచీ కొట్లాట. 2022లో కేంద్రం ఒక పేరుతో, రాష్ట్రం ఇంకో పేరుతో ఒకే ఊళ్ళో రెండు జెండాలెత్తాయి. 2024లో రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం మూడో పేరు పెట్టింది. మా ఇంట్లో దానికి పేరు లేదు. దాదా ఆ రోజు షాపు తీసేవాడు కాదు. బడీ దాదీ బతికున్నన్నాళ్ళు ఆమెకు ఆ రోజు గాజులమ్మే ఆమె కనబడకుండా చూసేవాళ్ళం, ఎందుకో తెలియకుండానే.

దాదా తెలుగు నేర్చుకున్నాడని రాశాను. మేము ఉర్దూ నేర్చుకోలేదని కూడా రాయాలి. అబ్బా మమ్మల్నందర్నీ తెలుగు మీడియంలో వేశాడు. ఉర్దూ చదివి తన తండ్రి ఏమయ్యాడో చూసినవాడు. ఇంట్లో మాట్లాడతాం, రాత రాదు. ఖురాన్ కోసం అరబ్బీ అక్షరాలు పట్టుకున్నాం, అంతవరకే. దాదా అడిగాడు ఒకటి రెండుసార్లు, "కూచో, నేర్పుత" అని. డీఎడ్ పరీక్షలున్నాయి, పెండ్లి ఉంది, బదిలీ ఉంది. ఆయన తొంభై ఏళ్ళు బతికినా నాకు తీరలేదు. ఈ తప్పు ఎవరి మీదా వేయను.

2017లో తెలంగాణ ప్రభుత్వం రెండు పనులు చేసింది. ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా ప్రకటించింది. భూరికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టింది. రెండోది మా ఊళ్ళో పెద్ద అలజడి. మళ్ళీ చూర్లలోంచి కాగితాలు దిగాయి. ఒకరోజు సాయంత్రం సాలె ఇంటి మనవడు మా ఇంటికొచ్చాడు. ఆ మగ్గం తాత మనవడు. ఇప్పుడు మగ్గం లేదు, సూరత్‌లో కొన్నాళ్ళు మిల్లులో పనిచేసి తిరిగొచ్చాడు. వాళ్ళకు చెరువు కింద ఉన్న ఎకరం పన్నెండు గుంటలు కొత్త రికార్డులో ఇంకొకరి పేరు మీద పడ్డాయి. చేతిలో పాలిథిన్ కవరు, లోపల పసుపుపచ్చని కాగితం.

"అన్నా, తాత ఉంటే సదివేటోడు. నువ్వు జర సూడరాదు" అన్నాడు.

చూశాను. దాదా సందూక్ తీశాం. అందులో ఒక బరూ కలం, షాపు ఖాతా పుస్తకాలు, వస్తానియా సనదు, రెండు హాలీ రూపాయలు ఉన్నాయి. ఖాతా పుస్తకంలో అంకెలను పక్కన పెట్టుకుని కాగితంలోని అంకెలు పోల్చాం. ఒకటి, పన్నెండు దొరికాయి. సర్వే నంబరు దొరికింది. పేర్లు దొరకలేదు. మదర్సా మౌల్వీ సాబ్ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన బిహార్ నుంచి వచ్చిన పిల్లవాడు, ఉర్దూలో గట్టివాడు. కాగితాన్ని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి, "యే షికస్తా హై మాస్టర్ సాబ్, హమ్ సే నహీ హోగా" అన్నాడు.

బయటికొచ్చి మసీదు మెట్ల మీద కూచున్నాం. కాగితం అడుగున ఎడమ మూలన ఒక సంతకం ఉంది. అది మాత్రం నాకు తెలుసు. మా బడి ప్రోగ్రెస్ కార్డుల మీద అబ్బా ఊళ్ళో లేనప్పుడు అదే సంతకం పడేది. వాడు కూడా గుర్తుపట్టాడు. వాళ్ళింట్లో ఇంకో నాలుగు కాగితాల మీద అదే ఉందట. పట్నంలో తార్నాక దగ్గర స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, అక్కడ పాత రాత చదివేవాళ్ళుంటారని చెప్పాను. సోమవారం పొద్దున మొదటి బస్సుకు పోదామనుకున్నాం. ఆ నాలుగు కాగితాలు కూడా పట్టుకురమ్మన్నాను.